తీగ లోపల ఏం చేస్తున్నారు?

2008 సెప్టెంబరు 19న అమెరికాలో కామ్‌కాస్ట్ అనే కేబుల్ కంపెనీ ప్రభుత్వానికి కొన్ని కాగితాలు దాఖలు చేసింది. ఉద్యోగం వల్ల కొంత, అలవాటు వల్ల కొంత నేను చాలా కార్పొరేట్ వచనం చదువుతుంటాను. షరతులు, నిబంధనలు, ప్రైవసీ పాలసీలు, ఎవరూ చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేసేవన్నీ. వాటిలో ఆ కాగితాలంత సూటిగా ఉన్నది నాకు ఇంకోటి కనపడలేదు. ఏ కంపెనీ తయారుచేసిన యంత్రం వాడాం, నెట్‌వర్క్‌లో దాన్ని ఎక్కడ పెట్టాం, ఏయే ప్రోటోకాల్స్ మీద కన్నేసి ఉంచాం, ఎన్ని అప్‌లోడ్లు దాటితే కనెక్షన్ కోసేశాం, అన్నీ ఉన్నాయి. ఆరెస్, బిట్‌టొరెంట్, ఈడాంకీ, ఫాస్ట్‌ట్రాక్, నుటెల్లా అని ఐదు పేర్లు వరసగా. బుద్ధి పుట్టి చెప్పిన మాటలు కావు, చెప్పక తప్పక చెప్పినవి. ఇంటర్‌నెట్ ఇచ్చేవాళ్లు తీగ లోపల ఏం చేస్తున్నారో బయటికి చెప్పాలి అన్న నియమం చరిత్ర రాస్తే ఈ కాగితం దగ్గరే మొదలుపెట్టాలని నా ఉద్దేశం. తర్వాత వచ్చిన చట్టాలు, తీర్పులు, లేబుళ్లు అన్నీ ఈ నిజాయితీని మళ్లీ రాబట్టడానికి చేసిన ప్రయత్నాలే. చాలావరకు కుదరలేదు.

సంగతి ఏడాదిన్నర ముందు మొదలైంది. రాబ్ టొపోల్‌స్కీ అని ఓరెగాన్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఇంజినీర్‌కి బార్బర్‌షాప్ పాటల పిచ్చి. నలుగురు మగవాళ్లు వాయిద్యాలేమీ లేకుండా గొంతులు కలిపి పాడే పాతకాలపు అమెరికన్ సంప్రదాయం అది. కాపీరైట్ గొడవ లేని పాత రికార్డింగులు ఆయన ఇంటర్‌నెట్‌లో నలుగురితో పంచుకుందామనుకున్నాడు. డౌన్‌లోడ్ బానే అవుతోంది, అప్‌లోడ్ మాత్రం మొదలైన కాసేపటికే తెగిపోతోంది. మామూలు మనిషి అయితే మోడెమ్ ఆపి ఆన్ చేసి ఊరుకునేవాడు. ఈయన టెస్టర్ కదా! ప్యాకెట్లు పట్టి చూశాడు. 2007 మే నాటికి ఆయనకి దొరికిన జవాబు ఇది: తన కంప్యూటర్‌కి అవతలి కంప్యూటర్ నుంచి ‘రీసెట్’ అనే సందేశం వస్తోంది. కానీ అవతలి కంప్యూటర్ దాన్ని పంపలేదు.

ఈ రీసెట్ సంగతి కొంచెం చెప్పాలి, కథంతా అందులోనే ఉంది. రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతికి టీసీపీ అని పేరు. మధ్యలో ఎవరికైనా కొనసాగించడం కుదరకపోతే రీసెట్ ప్యాకెట్ పంపుతారు. ఇక ఉంటాను అని ఫోన్ పెట్టేసినట్టు. అందుకున్నవాళ్లు ఎందుకని అడగరు, వాళ్లూ పెట్టేస్తారు. కామ్‌కాస్ట్ మధ్యలో కూర్చున్న యంత్రం, శాండ్‌వైన్ అనే కంపెనీ తయారుచేసింది, ఇద్దరికీ చెరోవైపు నుంచి దొంగ రీసెట్లు పంపేది. వీడికి వాడి పేరు మీద, వాడికి వీడి పేరు మీద. మారీచుడు రాముడి గొంతుతో కేకేసినట్టు. సీతమ్మకి ఆ గొంతు నమ్మక తప్పలేదు, టీసీపీకీ తప్పదు. గొంతు ఎవరిదో నిజంగా సరిచూసుకునే ఏర్పాటు ఆ ప్రోటోకాల్‌లో లేదు. 1970లలో దాన్ని రూపొందించినప్పుడు మధ్యలో ఉండే తీగ కూడా అబద్ధమాడొచ్చన్న ఊహ ఎవరికీ పెద్దగా లేదు.

2007 అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ సొంతంగా పరీక్ష చేసింది. వాళ్లు బిట్‌టొరెంట్‌లో పంపి చూసిన ఫైల్ ఏమిటో తెలుసా? కింగ్ జేమ్స్ బైబిల్. దానికి కాపీరైట్ అడ్డం ఉండదు, పైరసీ అని ఎవరూ నోరెత్తలేరు. మూడు ప్రయత్నాల్లో రెండు ఆగిపోయాయి, మూడోది పది నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ చేసిన పరీక్షల్లోనూ అదే తేలింది. కంపెనీ మొదట మేము ఏదీ ఆపడం లేదంది. తర్వాత, ఆపడం లేదు గానీ కాస్త ఆలస్యం చేస్తున్నామంది. ఆ తర్వాత, రద్దీ వేళల్లో మాత్రమే అంది. నవంబరులో ఫ్రీ ప్రెస్, పబ్లిక్ నాలెడ్జ్ అనే సంస్థలు ఎఫ్‌సీసీకి ఫిర్యాదు చేశాయి. ఎఫ్‌సీసీ అంటే అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, మన ట్రాయ్ లాంటిది, దానికన్నా అధికారం ఎక్కువ. 2008 ఫిబ్రవరిలో హార్వర్డ్ లా స్కూల్లో బహిరంగ విచారణ పెడితే, తమ ఉద్యోగులకి సీట్లు పట్టి ఉంచడానికి కామ్‌కాస్ట్ డబ్బిచ్చి మనుషుల్ని కూర్చోబెట్టింది. ఇది పుకారు కాదు, కంపెనీయే ఒప్పుకుంది.

2008 ఆగస్టు 1న ఎఫ్‌సీసీ 3-2 ఓట్లతో తీర్పు చెప్పింది. ఛైర్మన్ కెవిన్ మార్టిన్ రిపబ్లికన్. ఇద్దరు డెమొక్రాట్లతో కలిసి సొంత పార్టీవాళ్లకి వ్యతిరేకంగా ఓటేశాడు. ఈ గొడవ పార్టీల గొడవగా గట్టిపడకముందు అలాంటివి జరిగేవి. రద్దీ ఉన్నా లేకపోయినా, ఏ వేళయినా కామ్‌కాస్ట్ కోసేస్తోందని కమిషన్ తేల్చింది. జరిమానా మాత్రం వెయ్యలేదు. ఏం చేశారో 30 రోజుల్లో వివరంగా చెప్పమంది, ఏడాది చివరికల్లా మానెయ్యమంది, దాని బదులు ఏం చేస్తారో ప్రజలకి చెప్పమంది. అలా పుట్టినవే మొదట చెప్పిన కాగితాలు.

వాటిలో రెండో భాగం నాకు మరీ ఇష్టం. ఇకమీదట ఏం చేస్తామో కూడా అంతే సూటిగా రాశారు. ఒక వీధివైపు వెళ్లే పోర్టులో అప్‌లోడ్ 70 శాతం దాటి పదిహేను నిమిషాలు నిండితే రద్దీ దగ్గరపడినట్టు లెక్క. అప్పుడు ఆ పోర్టులో, తనకిచ్చిన వేగంలో 70 శాతానికి పైగా పదిహేను నిమిషాలుగా వాడేస్తున్నవాళ్ల ట్రాఫిక్‌ని ఒక మెట్టు కిందికి దించుతారు. వాడకం 50 శాతం కిందికొచ్చి కాసేపు నిలబడితే మళ్లీ పైకి. వాళ్లు చూస్తున్నది సినిమానా, పంపుతున్నది బైబిలా అన్నది చూడరు. ఎంత వాడుతున్నావు అన్నదొక్కటే లెక్క. సాఫ్ట్‌వేర్ మనిషిగా చెప్తున్నాను, ఇది చదివి నేను కోడ్ రాయగలను. వెల్లడి అంటే ఇలా ఉండాలి. ఈ పద్ధతి 2010 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 6057గా అచ్చయింది కూడా. దొంగ రీసెట్లతో పట్టుబడ్డ కంపెనీ రెండేళ్లకి ఇంటర్‌నెట్ ఇంజినీర్ల గ్రంథాలయంలో ఒక పత్రం చేర్చింది. వాళ్లని మెచ్చుకోవాలా వద్దా అని నేను చాలాసార్లు తర్జనభర్జన పడ్డాను. పత్రం మాత్రం మంచిది.

అదే ఏడాది ఇంకోటి జరిగింది, దాన్ని పెద్దగా ఎవరూ గుర్తుపెట్టుకోరు. అంతకుముందు కామ్‌కాస్ట్ నుంచి కొందరికి ఫోన్లు వెళ్లేవి, మీరు మరీ ఎక్కువ వాడుతున్నారు, తగ్గించకపోతే కనెక్షన్ తీసేస్తాం అని. ఎంత దాటితే ఎక్కువో చెప్పేవాళ్లు కాదు. 2008 అక్టోబరు 1 నుంచి నెలకి 250 జీబీ అని అంకె ప్రకటించారు. జనం తిట్టారు, పరిమితి పెట్టారని. పరిమితి అంతకుముందూ ఉంది, అంకె మాత్రమే కొత్త. నాకు ఆ రెండిట్లో అంకె ఉన్న పరిమితే నయం. అంకెతో పోట్లాడొచ్చు, పక్క కంపెనీ అంకెతో పోల్చొచ్చు. ‘మరీ ఎక్కువ’ అన్నదాంతో ఏం పోట్లాడతాం?

తీర్పు నిలబడలేదు. 2010 ఏప్రిల్ 6న వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు, ఇలాంటి ఆదేశం ఇచ్చే అధికారం చట్టం ఎఫ్‌సీసీకి ఎక్కడా ఇవ్వలేదని కొట్టేసింది. కామ్‌కాస్ట్ అప్పటికే పద్ధతి మార్చేసుకుంది కాబట్టి తీగలో మారిందేమీ లేదు. మారిందల్లా ఎఫ్‌సీసీ. ఆదేశాలు చాలవు, నియమాలు రాయాలనుకుంది. 2010 డిసెంబరు 21న ‘ఓపెన్ ఇంటర్‌నెట్ ఆర్డర్’ వచ్చింది. అందులో మూడు సంగతులు: ఆపకూడదు, అన్యాయంగా తేడా చూపకూడదు, చేసేది చెప్పాలి. నెట్‌వర్క్‌ని ఎలా నిర్వహిస్తున్నారు, అది ఎంత బాగా పనిచేస్తుంది, వ్యాపార షరతులేమిటి, వాడేవాళ్లు తెలుసుకుని ఎంచుకోవడానికి సరిపోయేంత ఖచ్చితంగా బహిరంగంగా చెప్పాలని ఆ మూడోదాని సారాంశం. మొబైల్ కంపెనీలకి తేడా చూపకూడదన్న నియమం వర్తించలేదు, చెప్పాలన్న నియమం మాత్రం వర్తించింది. చర్చంతా మొదటి రెండింటి గురించే నడిచింది. మూడోదాన్ని పెళ్లిలో తోడుపెళ్లికూతుర్ని చూసినట్టు చూశారు.

2014 జనవరి 14న వెరైజన్ కేసులో అదే కోర్టు, అదే న్యాయమూర్తి డేవిడ్ టేటెల్ రాసిన తీర్పుతో మొదటి రెండూ పోయాయి. మూడోది మిగిలింది. కాబట్టి 2014 అంతా, 2015 నడుమ దాకా, అమెరికాలో ఇంటర్‌నెట్ కంపెనీల మీద ఉన్న ఓపెన్ ఇంటర్‌నెట్ నియమం అదొక్కటే: ఏమైనా చేసుకో, చేసేది చెప్పు.

అది పనికిమాలిన నియమమేనా అంటే, అలా అనలేం. 2015 జూన్‌లో ఎఫ్‌సీసీ ఏటీ అండ్ టీకి 10 కోట్ల డాలర్ల జరిమానా ప్రతిపాదించింది, ఈ నియమం కిందే. ‘అన్‌లిమిటెడ్’ అని అమ్మి, కొన్ని జీబీలు దాటాక వేగం తగ్గించి, ఆ సంగతి సరిగ్గా చెప్పలేదని. వేగం తగ్గించడం తప్పని కమిషన్ అనలేదు, గమనించండి. ‘అన్‌లిమిటెడ్’ అన్న మాటకీ చేసిన పనికీ పొంతన లేదంది. అంతకుముందు ఏడాదే వినియోగదారుల హక్కులు చూసే ఎఫ్‌టీసీ ఇదే విషయంలో కోర్టుకెక్కింది. కనీసం 35 లక్షల మందికి, మొత్తం రెండున్నర కోట్ల సార్లకు పైగా ఇలా జరిగిందని దాని ఫిర్యాదులో ఉంది. ఆ కేసు 2019లో 6 కోట్ల డాలర్లకి పరిష్కారమైంది. 2016లో టీ-మొబైల్‌తో ఎఫ్‌సీసీ కుదుర్చుకున్న ఒప్పందం విలువ 4.8 కోట్ల డాలర్లు. అక్కడా అన్‌లిమిటెడ్ అన్న మాటే పట్టించింది. ఒక్క విశేషణం మీద ఇంత డబ్బు చేతులు మారిన సందర్భం సాహిత్య విమర్శలో నాకు తెలిసి లేదు.

ఇక 2015లో బరాక్ ఒబామా హయాంలో ఎఫ్‌సీసీ ఇంటర్‌నెట్ సేవని టెలిఫోన్ లాంటి సేవగా వర్గీకరించి మొదటి రెండు నియమాల్నీ గట్టిగా తిరిగి తెచ్చింది. చెప్పాల్సినవాటిలో ప్యాకెట్ నష్టం లాంటి వివరాలూ చేర్చింది, చిన్న కంపెనీలకి ఆ అదనపు భాగం నుంచి మినహాయింపు ఇచ్చింది. 2017 డిసెంబరు 14న అజిత్ పై ఛైర్మన్‌గా ఉండగా అదంతా రద్దు చేసి, వెల్లడి నియమాన్ని మాత్రం ఉంచారు. ఉంచడమేంటి, దాని మీదే భారమంతా మోపారు. కంపెనీలు ఏదైనా ఆపుతుంటే, నెమ్మదింపజేస్తుంటే, డబ్బు తీసుకుని ఎవరినైనా ముందుకి పంపుతుంటే ఆ మాట చెప్పాలి. చెప్తే జనం చూస్తారు, నచ్చకపోతే వేరే కంపెనీకి మారతారు, అబద్ధం చెప్తే ఎఫ్‌టీసీ పట్టుకుంటుంది, అదీ వాదన. మిగతా చట్టాధారాలన్నీ వదులుకున్నారు కాబట్టి ఈ నియమానికి ఆధారంగా సెక్షన్ 257 అని ఒక చిన్న సెక్షన్ చూపించారు. చిన్న వ్యాపారాలు మార్కెట్లోకి రావడానికి అడ్డంకులేమిటో అప్పుడప్పుడూ కాంగ్రెస్‌కి నివేదిక ఇవ్వాలన్నది అందులోని మాట. నివేదిక ఇవ్వాలంటే సమాచారం కావాలి, సమాచారం కావాలంటే కంపెనీలు చెప్పాలి. అంత పెద్ద ఇల్లు ఆ ఒక్క స్తంభం మీద. తమాషా ఏంటంటే, మూడు నెలలకే ఇంకో చట్టం వచ్చి సరిగ్గా ఆ నివేదిక వాక్యాన్నే అక్కణ్నుంచి తీసి వేరే చోట పెట్టింది. అయినా 2019 అక్టోబరు 1న మొజిల్లా కేసులో కోర్టు నియమాన్ని నిలబెట్టింది.

నాకు ఈ ‘చెప్తే చాలు’ వాదనతో పేచీ ఉంది. పేచీ ఎక్కడో ఒక మంటలార్పే బండి దగ్గర తేలుతుంది. 2018 జులై చివర్లో ఉత్తర కాలిఫోర్నియాలో మెండొసినో కాంప్లెక్స్ అనే పెద్ద కార్చిచ్చు. శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక శాఖ అక్కడికి ఒక బండి పంపింది. సిబ్బందిని, బండ్లని ఎక్కడికి పంపాలో చూసుకునే కమ్యూనికేషన్ కేంద్రం అది. దాని ఇంటర్‌నెట్ వెరైజన్‌ది, ప్లాన్ పేరు మళ్లీ అన్‌లిమిటెడే. నెల పరిమితి దాటగానే వేగం అంతకుముందున్నదాంట్లో రెండు వందలో వంతుకి పడిపోయింది. మంటలు మండుతుండగా సిబ్బంది కస్టమర్ కేర్‌తో ఈమెయిళ్లు నడిపారు. పై ప్లాన్‌కి మారమన్నారు. శాఖ అధిపతి ఆంథొనీ బౌడెన్ ఇదంతా కోర్టుకి ప్రమాణపత్రంలో రాసిచ్చాడు. అత్యవసర సమయంలో పరిమితి ఎత్తేయడం తమ పద్ధతే, అలా ఎత్తేయకపోవడం సిబ్బంది పొరపాటు అని వెరైజన్ అంది.

2017 రద్దు వల్లే ఇలా జరిగిందని అప్పట్లో చాలామంది రాశారు. అది నిజం కాదనుకుంటాను. ప్లాన్‌లో ఉన్న పరిమితిని అమలు చేయడం పాత నియమాల కింద కూడా ఒప్పే అయ్యుండొచ్చు, ఆ బండికి ఇలాంటి ఇబ్బంది రద్దు అమల్లోకి రాకముందూ వచ్చింది. నాకు కనిపించేది వేరే సంగతి. పరిమితి దాటితే వేగం తగ్గుతుందని కాంట్రాక్టులో ఎక్కడో ఉంది. చెప్పడం జరిగిపోయింది. చదివినవాడు ఆ మాటని కార్చిచ్చు పక్కన నిలబెట్టి ఊహించుకోవాలని ఏ నియమం అనలేదు. మారొచ్చు కదా అంటే, మంట మధ్యలో కంపెనీ మారడం కుదరదు. మొజిల్లా కేసులో కోర్టు మిగతా రద్దుని ఒప్పుకుంది గానీ, ప్రజా భద్రత గురించి సరిగ్గా ఆలోచించలేదని ఆ భాగాన్ని ఎఫ్‌సీసీకి వెనక్కి పంపింది.

వెల్లడి పేజీలు ఇప్పుడు అమెరికన్ కంపెనీలన్నింటికీ ఉన్నాయి. వాటిని నేను ఒక సాహిత్య ప్రక్రియగా చదువుతాను, దానికీ ఒక శైలి ఉంది. మన కంపెనీలది వేరేమీ కాదు. మా అపార్ట్‌మెంట్‌కి నెట్ ఇచ్చే సంస్థ షరతుల్లోనూ అదే ధోరణి, తెలుగులోకి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది: ‘సేవా నాణ్యత కొరకు ట్రాఫిక్ నియంత్రించబడవచ్చు.’ ఆ చివరి మాట విడదీసి చూడండి. ‘బడు’ ఉంది కాబట్టి ఎవరు చేస్తున్నారో లేదు. ‘వచ్చు’ ఉంది కాబట్టి ఎప్పుడు చేస్తున్నారో లేదు. ఈ రెండు ప్రత్యయాలూ తీసేసి వాక్యం మళ్లీ రాయండి: ‘మేము రాత్రి ఎనిమిదింటి నుంచి పదకొండింటిదాకా మీ వీడియో వేగం తగ్గిస్తాం.’ ఇది వెల్లడి. కామ్‌కాస్ట్ 2008లో రాసింది ఈ రెండో రకం వాక్యం, ఎందుకంటే అప్పటికే టొపోల్‌స్కీ దగ్గర ప్యాకెట్లున్నాయి, బైబిల్ పరీక్ష అచ్చయింది, మెలికలు తిప్పడానికి చోటు లేదు. ముందు ఎవరో కొలిచారు, ఆ తర్వాతే కంపెనీ చెప్పింది. తర్వాతి నియమాలన్నీ ఈ వరసని తిరగేసి, కంపెనీ చెప్తుంది, జనం నమ్ముతారు అనుకున్నాయి. కొలిచేవాళ్లు పూర్తిగా లేకుండా పోలేదు. 2009లో ఎం-ల్యాబ్ మొదలైంది, 2011 నుంచి ఎఫ్‌సీసీయే వేల ఇళ్లలో పెట్టెలు పెట్టించి వేగాలు కొలిచి నివేదికలిచ్చింది. కానీ వేగం కొలవడం వేరు, గొంతు మార్చి పిలిచినవాణ్ని పట్టుకోవడం వేరు.

మన దగ్గర కథ వెనక నుంచి ముందుకి నడిచింది. ఫేస్‌బుక్ 2015 ఫిబ్రవరిలో ఇంటర్‌నెట్ డాట్ ఆర్గ్‌ని రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి, భాషల్లో తెలుగూ ఉంది. కొన్ని సైట్లు ఉచితం, మిగతావి డబ్బుకి. మార్చి 27న ట్రాయ్ సంప్రదింపుల పత్రం వేస్తే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి, నా వయసువాళ్లు చాలామంది పంపే ఉంటారు. 2016 ఫిబ్రవరి 8న సైటుని బట్టి ధర మార్చడాన్ని ట్రాయ్ నిషేధించింది. అంటే అమెరికా ముందు ‘చెప్పు’ అంది, మనం ముందు ‘చెయ్యకు’ అన్నాం. ‘చెప్పు’ మెల్లగా వచ్చింది. ఎఫ్‌యూపీ దాటాక వేగం ఎంతో ప్రకటించాలని, ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో అది 512 కేబీపీఎస్ కన్నా తగ్గకూడదని 2016లోనే ట్రాయ్ అంది. అమీర్‌పేట హాస్టల్లో ఉండే కుర్రాడికి కూడా ఎఫ్‌యూపీ అంటే తెలుసు, ఆ మూడక్షరాల్లో మొదటిది ‘ఫెయిర్’ అని చెప్తే నవ్వుతాడు. 2017 నవంబరు సిఫార్సుల్ని 2018 జులైలో టెలికాం శాఖ ఒప్పుకుంది. కంపెనీలు వాడే ట్రాఫిక్ నిర్వహణ పద్ధతుల్ని గమనించడానికి ప్రభుత్వం, కంపెనీలు, పౌర సంఘాలు కలిసి ఒక సంఘం ఉండాలని 2020 సెప్టెంబరులో ట్రాయ్ మళ్లీ సిఫార్సు చేసింది. ఆ సంఘంలో కొలిచేవాడికి కుర్చీ ఉండాలన్నది నా కోరిక. ఎందుకో ఇక చెప్పనక్కర్లేదు.

అమెరికాలో చివరి మలుపు లేబుల్. బిస్కెట్ ప్యాకెట్ వెనక క్యాలరీల పట్టీ ఉంటుంది కదా, అచ్చం అలాగే నలుపు గీతల పట్టీ. 2021లో కాంగ్రెస్ చట్టం చేసింది, 2024 ఏప్రిల్ 10 నుంచి పెద్ద కంపెనీలు, అక్టోబరు 10 నుంచి చిన్నవీ కనెక్షన్ అమ్మే చోట ఈ పట్టీ చూపించాలి. ధర, రుసుములు, మామూలుగా వచ్చే వేగం, డేటా పరిమితి, అన్నీ అంకెల్లో. అదే ఏప్రిల్‌లో ఎఫ్‌సీసీ టెలిఫోన్ వర్గీకరణని తిరిగి తెచ్చింది, 2025 జనవరి 2న సిన్సినాటిలోని ఆరో సర్క్యూట్ కోర్టు దాన్ని కొట్టేసింది. వెల్లడి నియమం, లేబుల్ అలాగే ఉన్నాయి. లేబుల్ కింది భాగంలో నెట్‌వర్క్ నిర్వహణ అన్నదానికి అంకెలు లేవు. ఒక లింకు ఉంటుంది. అది నొక్కితే తెరుచుకునేది మళ్లీ ‘బడవచ్చు’ పేజీయే.